పంతుళ్లు పాఠం నేర్చిన ఊరు

పాత ఢిల్లీలో కశ్మీరీ గేటు దాటి కొంచెం లోపలికి వెళితే దారా షికో గ్రంథాలయం అనే భవనం కనిపిస్తుంది. మొగలు రాకుమారుడి పేరుతో నిలిచిన ఆ కట్టడానికి ఇంగ్లీషువాళ్లు తమ అభిరుచి కొద్దీ ముందువైపు ఎత్తయిన స్తంభాలు కట్టించారు. 1840లలో ఢిల్లీ కాలేజి అందులోకి మారింది. అక్కడి పంతుళ్లకు అప్పుడొక పెద్ద చిక్కు వచ్చిపడింది. 1837లో కంపెనీ ప్రభుత్వం కచేరీల నుంచి పారసీని తప్పించింది. కొలువు కావాలన్నా లోకం తెలియాలన్నా ఇక కుర్రవాళ్లు లెక్కలు, ఖగోళం, భూగోళం, కొత్త విజ్ఞానం నేర్వాలి. అవన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నాయి. పిల్లలకు వచ్చింది ఉర్దూ. పంతుళ్లలో చాలామందికి ఆ శాస్త్రాలతో అంతకుముందు పరిచయమే లేదు.

వాళ్లకు తర్ఫీదు ఇచ్చే బడి ఏదీ లేదు కనుక వాళ్లు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయడానికి కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ఫెలిక్స్ బుత్రో ఫ్రెంచివాడు. ఆయన చొరవతో వర్నాక్యులర్ ట్రాన్స్‌లేషన్ సొసైటీ ఊపందుకుంది. ఆయన తర్వాత వచ్చిన ఆస్ట్రియా పండితుడు అలోయిస్ స్ప్రెంగర్ ఆ పని కొనసాగించాడు. పంతుళ్లు, పెద్ద తరగతుల విద్యార్థులు కలిసి క్షేత్రగణితం నుంచి చరిత్ర దాకా వందకు పైగా పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఒక వాక్యం తర్జుమా కావాలంటే ముందు అది అర్థం కావాలి. అర్థం కాకపోతే పక్కనున్న సహోద్యోగిని అడగాలి. ఢిల్లీలో ఉపాధ్యాయుల వృత్తి శిక్షణకు మొదటి అధ్యాయం రాయాలంటే ఈ గదుల నుంచే మొదలుపెట్టాలి. దానికి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, సర్టిఫికెట్టు లేదు.

ఆ పంతుళ్లలో మాస్టర్ రామచంద్ర ఒకడు. 1821లో పానిపట్టులో పుట్టాడు. అదే కాలేజీలో చదివి, అక్కడే లెక్కలు చెప్పాడు. కలన గణితం జోలికి పోకుండా బీజగణితంతోనే గరిష్ఠ, కనిష్ఠ సమస్యలు సాధించే పద్ధతి మీద ఇంగ్లీషులో గ్రంథం రాసి, 1850లో సొంత ఖర్చుతో కలకత్తాలో అచ్చు వేయించాడు. అది లండన్‌లో ఆగస్టస్ డి మోర్గన్ కంటపడింది. ఆ గణితవేత్త మెచ్చుకుని తానే ముందుమాట రాసి 1859లో లండన్‌లో మళ్లీ ప్రచురింపజేశాడు. పాఠం చెప్పే మనిషి తన విషయంలో ఎంత లోతుకు దిగవచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1857 తిరుగుబాటులో ఆ లోకమంతా చెదిరిపోయింది. ప్రిన్సిపాల్ ఫ్రాన్సిస్ టేలర్‌ను చంపేశారు. గ్రంథాలయం లూటీ అయింది. రామచంద్ర ప్రాణాలతో బయటపడ్డాడు. కాలేజిని 1864లో మళ్లీ తెరిచినా 1877లో మూసేసి, పై చదువులను లాహోరుకు తరలించారు.

ఈలోగా పంతుళ్ల శిక్షణను సర్కారు తన చేతిలోకి తీసుకుంది. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ అనే విద్యా విధాన పత్రం బడిపంతుళ్లకు నార్మల్ స్కూళ్లు పెట్టాలని, శిక్షణలో ఉండగా స్టైపెండు ఇవ్వాలని చెప్పింది. దక్షిణాదిన 1856లో మద్రాసులో మొదలైన నార్మల్ స్కూలు తరవాత సైదాపేట చేరి, తెలుగు జిల్లాల హైస్కూలు మేష్టర్లకు దాదాపు యాత్రాస్థలమైంది. 1894లో రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజి వచ్చాక ఆ ప్రయాణం కొంత తగ్గింది. 1910లో ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణకని సైదాపేటలో చేరినవాళ్లలో ప్రెసిడెన్సీ కాలేజి అధ్యాపకుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నాడు. ఆయన విద్వత్తు చూసిన ఆచార్యుడు, తోటి విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం మీద పాఠాలు చెప్పే పని ఆయనకే అప్పగించాడు. ఆ పాఠాలు 1912లో పుస్తకంగా వచ్చాయి. అర్ధశతాబ్దం తర్వాత ఆయన రాష్ట్రపతి భవన్‌లో ఉండగా, 1962 నుంచి సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా దేశం జరుపుకుంటోంది. ఆ రోజు వేదికల మీద సైదాపేట ప్రస్తావన వచ్చేది తక్కువ. గురువుల గురువని ఎవరిని పొగుడుతున్నామో ఆయన కూడా ఒకప్పుడు టీచర్ ట్రైనింగులో విద్యార్థిగా కూర్చున్నాడన్న సంగతి పిల్లలకు చెప్పదగినదే.

ఢిల్లీలో తర్వాతి అధ్యాయం సర్కారుది కాదు. సర్కారును వద్దనుకున్నవాళ్లది.

సహాయ నిరాకరణ రోజుల్లో, 1920లో అలీగఢ్‌లో పుట్టిన జామియా మిలియా ఇస్లామియా 1925లో ఢిల్లీకి, కరోల్ బాగ్‌కు మారింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారాక విరాళాలు ఎండిపోయాయి. మూసేద్దామన్న మాట వచ్చినప్పుడు బెర్లిన్ నుంచి ముగ్గురు యువకులు మేమున్నామన్నారు. జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, మహమ్మద్ ముజీబ్ 1926లో తిరిగివచ్చి పనిలో దిగారు. జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులో పుట్టినవాడు. ఆర్థికశాస్త్రంలో బెర్లిన్ డాక్టరేటు ఉన్నా, చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న జర్మన్ విద్యావేత్త గెయోర్గ్ కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు ఆయనను బడివైపు లాగాయి. 1927 చివర్లో పెద్ద దిక్కయిన హకీం అజ్మల్ ఖాన్ కన్నుమూశాక సంస్థ మళ్లీ రోడ్డున పడింది. 1928లో అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి ప్రమాణం చేశారు: 20 ఏళ్లు ఇక్కడే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం. ఆ 150 కూడా చాలా నెలల్లో చేతికి రాలేదు.

ఈ ప్రమాణాన్ని త్యాగంగా మాత్రమే చెప్పుకుంటే సగం సంగతి మరుగున పడుతుంది. ఇరవై ఏళ్లు కలిసి ఉంటామని మాట ఇచ్చిన పంతుళ్లకు ప్రయోగం చేసే తీరిక దొరికింది. ఒకటి తప్పితే ఇంకొకటి చేసి చూసే ధైర్యం వచ్చింది. జామియా ప్రాథమిక బడిలో పిల్లలు తమ బ్యాంకు తామే నడిపారు, తోట వేశారు. ఒక్కో పనిని పట్టుకుని దాని చుట్టూ పాఠాలు అల్లే ప్రాజెక్టు పద్ధతిని అబ్దుల్ గఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి నడిపి, ఆ అనుభవాలను ఉర్దూలో రాసిపెట్టారు. బెర్లిన్‌లో ఆ ముగ్గురికి స్నేహితురాలైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత 1930ల మొదట్లో వచ్చి చిన్నపిల్లల బాధ్యత తీసుకుంది. 1943లో పోయింది. జామియా శ్మశానంలోనే ఆమె సమాధి ఉంది. 1935 మార్చి 1న యమున ఒడ్డున ఓఖ్లాలో కొత్త ఆవరణకు శంకుస్థాపన జరిగినప్పుడు, రాయి వేసింది ఏ నవాబో నాయకుడో కాదు, అందరికన్నా చిన్నవాడైన ఒక విద్యార్థి.

1937 అక్టోబరులో గాంధీ వార్ధాలో విద్యా సమావేశం పిలిచాడు. ఏదైనా ఒక చేతివృత్తి చుట్టూ, మాతృభాషలో, ఏడేళ్ల చదువు సాగాలన్నది ఆయన ఆలోచన. దానికి పాఠ్య ప్రణాళిక తయారుచేసే సంఘానికి జాకిర్ హుసేన్‌ను అధ్యక్షుడిని చేశారు. ప్రణాళిక కాగితం మీదికి రావడం తేలిక. దాన్ని బోధించే పంతులు ఎక్కడున్నాడు? అప్పటిదాకా బెత్తం, ఎక్కం, వల్లెవేత తెలిసినవాడు నూలు వడకడం నుంచి లెక్కలు, పత్తి నుంచి భూగోళం చెప్పాలంటే ముందు తానే తకిలీ పట్టుకోవాలి. 1938లో జామియాలో మొదలైన ఉస్తాదోం కా మదర్సా ఈ ప్రశ్నకు జవాబు. ఉపాధ్యాయుల కోసం పెట్టిన ఆ బడిలో ఉస్తాదులు వడకడం, నేయడం, అట్టపని నేర్చుకున్నారు. పక్కనే జామియా బడి పిల్లలు ఉన్నారు కనుక నేర్చిన పని తరగతిలో నిలుస్తుందో లేదో తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

మన ప్రాంతంలోనూ 1950లలో బేసిక్ ట్రైనింగ్ చదివిన పాత తరం పంతుళ్లు తకిలీ తిప్పినవాళ్లే. కాని చాలా ట్రైనింగ్ స్కూళ్లలో నూలు ఒక పీరియడుగా, పరీక్షకు చూపే చిలపగా మిగిలిపోయింది. నూలు నుంచి పాఠం పుట్టించే చర్చ జరగలేదు. పద్ధతిని ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పంపగలిగారు. దాన్ని పుట్టించిన మనుషుల సావాసాన్ని పంపలేకపోయారు. ఢిల్లీ చరిత్రలో ఈ కథ తర్వాత కూడా పలుమార్లు జరిగింది.

1947లో ఢిల్లీ నెత్తుటి మడుగైంది. జలంధర్ స్టేషనులో అల్లరిమూక చేతుల్లోంచి జాకిర్ హుసేన్ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. కరోల్ బాగ్‌లో జామియా పుస్తక భాండాగారాన్ని తగలబెట్టారు. సెప్టెంబరులో గాంధీ జామియాకు వచ్చి ధైర్యం చెప్పాడు. మరోవైపు పశ్చిమ పంజాబు నుంచి లక్షల మంది శరణార్థులు నగరంలో గుడారాలు వేసుకున్నారు. వాళ్లలో పిల్లలున్నారు, పంతుళ్లూ ఉన్నారు. అటువంటి డిసెంబరు నెలలో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పుట్టింది. దేశం తగలబడుతుంటే ఉపాధ్యాయ విద్యకు జాతీయ సంస్థ పెట్టాలని విద్యామంత్రి మౌలానా ఆజాద్ పూనుకోవడం చిన్న విషయం కాదు. పంతుళ్లను డిగ్రీతో పంపించి చేతులు దులుపుకునే కాలేజీ ఆయన కోరలేదు. పరిశోధన చేసి, కొత్త రాజ్యానికి కావలసిన గురువు ఎలా ఉండాలో తేల్చే చోటు కావాలన్నాడు.

దాని మొదటి ప్రిన్సిపాల్ అనాథనాథ బసు. బెంగాల్, బీహార్ పల్లె బడుల మీద 1830లలో విలియం ఆడం రాసిన నివేదికలను వెతికి 1941లో సంపాదకత్వం వహించి ప్రచురించిన మనిషి. దేశీ పాఠశాల అంటే ఏమిటో తెలిసినవాడి చేతిలో కొత్త సంస్థ పడటం ఢిల్లీ అదృష్టం. ఆ సంస్థ ఢిల్లీ యూనివర్సిటీ ప్రాంగణంలో ఛాత్రా మార్గ్ మీద స్థిరపడి, పక్కనే ఒక ప్రయోగాత్మక బేసిక్ పాఠశాలను నడిపింది. సి.ఐ.ఇ. అన్న మూడక్షరాలతోనే ఢిల్లీ టీచర్లు నేటికీ దాన్ని పిలుస్తారు.

ఆ రోజుల్లోనే ఢిల్లీకి వచ్చిన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి. రాజ్యాంగ సభ సభ్యురాలు. అయితే అంతకన్నా ముందు ఆమె టీచరు. కాకినాడలో తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడే హిందీ నేర్చుకుని, బాలికల కోసం హిందీ పాఠశాల పెట్టి, తనకంటే పెద్దవాళ్లకు పాఠాలు చెప్పింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ కూడా ఆడపిల్లలను మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేసే తరగతుల నుంచే ఎదిగింది. 1948లో ఆమె పూనికతో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఢిల్లీలో ఇప్పటికీ నడుస్తున్నాయి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్ మీది స్కూలు దగ్గర సాయంత్రం వేళ తెలుగు మాట చెవిన పడటం రాజధానిలోని మనవాళ్లకు పరిచయమైన సంగతి.

ఉపాధ్యాయ వృత్తి విషయంలో దుర్గాబాయి చేసిన ఇంకో పని అంతగా చెప్పుకోరు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలు. పల్లెల్లో టీచరుగా, నర్సుగా, గ్రామసేవికగా పనిచేయడానికి స్త్రీలు కావాలి. శిక్షణ ఇద్దామంటే దానికి కావలసిన కనీస చదువు వాళ్లకు లేదు. బాల్యంలో బడి మానేసినవాళ్లు, వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల కోసం 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ల చదువును కుదించి రెండేళ్లలో చెప్పి, పరీక్షకు కూర్చోబెట్టి, ఆపై వృత్తి శిక్షణకు పంపడం పథకం. అదే సంవత్సరం స్త్రీ విద్య మీద వేసిన జాతీయ సంఘానికీ ఆమే అధ్యక్షురాలు. టీచరు ఎక్కడినుంచో ఊడిపడదనీ, ఆ పల్లెలోని ఆడమనిషినే చేయిపట్టి ఆ మెట్టు దాకా తీసుకురావాలనీ ఆమె కాకినాడ అనుభవం నుంచే గ్రహించి ఉంటుంది. ఢిల్లీ ఫైళ్లలో అటువంటి బుద్ధి అరుదు.

1961 సెప్టెంబరు 1న జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) ఏర్పడింది. అంతకుముందు విడివిడిగా ఉన్న ఏడు సంస్థలను కలిపి దాన్ని తయారుచేశారు. సి.ఐ.ఇ. కూడా వాటిలో ఒకటి. అది తరువాత తిరిగి యూనివర్సిటీ గూటికి చేరింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. అరబిందో మార్గ్ ఆవరణ నుంచి పాఠ్యపుస్తకాలు, శిక్షణ కరదీపికలు దేశమంతటికీ వెళ్లడం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆకాశవాణి, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో, ఢిల్లీ హైస్కూళ్లకు టెలివిజన్ పాఠాలు ప్రారంభించింది. మనవాళ్లలో చాలామంది టీవీ అనే పెట్టెను చూడక ముందే, ఢిల్లీ భౌతికశాస్త్రం మేష్టారు దాని పక్కన నిలబడి పనిచేయాల్సి వచ్చింది. తెర మీద పాఠం వచ్చేముందు పిల్లలను సిద్ధం చేయడం, అయ్యాక ప్రశ్నలు అడగడం ఆయన వంతు. యంత్రం వచ్చి గురువును తోసేస్తుందన్న భయం ఈనాటి ఏ.ఐ.తో పుట్టింది కాదు. ఢిల్లీ టీచర్లు దాన్ని అరవై ఏళ్ల కిందటే ఎదుర్కొన్నారు.

ఆ తర్వాత వచ్చింది కొఠారీ కమిషన్. ఢిల్లీ యూనివర్సిటీ భౌతికశాస్త్ర ఆచార్యుడు డి.ఎస్. కొఠారీ అధ్యక్షత, జె.పి. నాయక్ కార్యదర్శిత్వంలో 1964 నుంచి 1966 వరకు పనిచేసి పెద్ద నివేదిక ఇచ్చింది. ఉపాధ్యాయుల గురించి అందులో ఉన్న ఒక సిఫారసును గుర్తుపెట్టుకోవాలి. ప్రతి ఉపాధ్యాయుడికీ ఉద్యోగంలో ప్రతి ఐదేళ్లకు కనీసం రెండు మూడు నెలల శిక్షణ దొరకాలన్నది. విజ్ఞానం అంత వేగంగా మారుతోందని ఒక శాస్త్రవేత్తకు తెలుసు కనుకే అలా రాయగలిగాడు. దేశం ఆ సిఫారసును గౌరవంగా ఉటంకించింది. అమలు చేసింది మాత్రం తక్కువ.

1975 ఆగస్టు 1న అమెరికన్ ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ కార్యక్రమాలు అందాయి. దానితో పాటు ఎన్.సి.ఇ.ఆర్.టి. విద్యా సాంకేతిక కేంద్రం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు శిక్షణ రూపొందించింది. పన్నెండు రోజుల చొప్పున రెండు విడతలు జరిగాయి. టీవీ, రేడియో, చేసిచూసే పనుల పుస్తకం, దగ్గరుండి నడిపే మనిషి ఇందులో భాగాలు. రెండు విడతల్లో కలిపి దాదాపు యాభై వేల మంది పంతుళ్లు నేర్చుకున్నారు. తెలుగు పల్లె పంతులు నిమ్మకాయతోనో లోటాతోనో ప్రయోగం చేయవచ్చని తెలుసుకున్నది ఒక కృత్రిమ ఉపగ్రహం దయవల్ల అంటే ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం వెళ్లిపోయింది.

1986 విద్యావిధానం తర్వాత అంకెలు ఇంకా పెరిగాయి. ఉపాధ్యాయులందరికీ ఒకేసారి కొత్త విధానం తెలియజేయాలని పెట్టిన భారీ కార్యక్రమంలో వేసవి సెలవుల్లో పదేసి రోజుల శిబిరాలు జరిగాయి. కొన్నేళ్లలో సుమారు 17.6 లక్షల మంది హాజరయ్యారు. ఢిల్లీలో కొందరికి చెబుతారు, వాళ్లు రాష్ట్రాల్లో రిసోర్స్ పర్సన్లకు చెబుతారు, వాళ్లు జిల్లాల్లో పంతుళ్లకు చెబుతారు. కాలవ తలదగ్గర నిండుగా వదిలిన నీరు చివరి ఆయకట్టు చేరేసరికి తడి మాత్రమే మిగిలినట్టు, ఢిల్లీలో జరిగిన చర్చ మండల కేంద్రానికి వచ్చేసరికి మాడ్యూలు చదివి వినిపించడంగా మారిపోయేది. టీచర్లు వచ్చి సంతకం పెట్టి, టీఏ బిల్లు రాసుకుని వెళ్లారని అధికారులు తప్పుపట్టడం అలవాటు. చెప్పేవాడికే పూర్తిగా అర్థం కానిదాన్ని పది రోజులు మౌనంగా విన్నవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో వేరొక దారి కనిపించింది. బ్రిటిష్ సాయంతో 1980ల మధ్యలో మొదలై ఆ తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ప్రాథమిక విద్యా పథకాన్ని టీచర్లు ఏపీపెప్ అని పిలిచారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పనిచేయాలి, ఒక్కో పిల్లవాడి తేడాను గమనించాలి, చుట్టుపక్కల దొరికేదాన్ని వాడాలి, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించాలి వంటి ఆరు సూత్రాలు దానివి. సూత్రాలకన్నా విలువైనది టీచర్ సెంటర్ అనే ఏర్పాటు. చుట్టుపక్కల బడుల పంతుళ్లు ఒకచోట చేరి, ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు చూసి మాట్లాడుకునేవారు. ఈ రోజు తెలుగు రాష్ట్రాల్లో జరిగే కాంప్లెక్స్ మీటింగులకు, మండల రిసోర్స్ సెంటర్లకు పునాదులు అక్కడున్నాయి. 1990లలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం డీపెప్ ద్వారా ఇటువంటి ఏర్పాటే ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. ఎక్కడ ఆ సమావేశం పాఠం గురించి జరిగిందో అక్కడ నిలబడింది. ఎక్కడ అది సర్క్యులర్లు చదివే చోటుగా, లెక్కలు పట్టుకెళ్లే చోటుగా మారిందో అక్కడ పేరే మిగిలింది.

ఢిల్లీలో దీటైన ప్రయత్నం 1994లో జరిగింది. సి.ఐ.ఇ.లోని మౌలానా ఆజాద్ కేంద్రం నాలుగేళ్ల బి.ఎల్.ఎడ్. రూపొందించింది. ఇంటర్ అయిన అమ్మాయిలు నేరుగా చేరి, డిగ్రీ స్థాయిలోనే ప్రాథమిక బోధన చదివే కోర్సు అది. ఊరి అంచున బవానాలోని అదితి మహావిద్యాలయలో మొదలై, లేడీ శ్రీరామ్, గార్గి, మిరాండా హౌస్ వంటి ఎనిమిది మహిళా కళాశాలలకు విస్తరించింది. నాటకం, చేతిపనులు, పిల్లలను నెలల తరబడి గమనించడం, నాలుగో ఏట 17 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ అందులో భాగం. ఒకటో తరగతి పంతులుకు అంత చదువెందుకన్న మాట దేశంలో బలంగా ఉన్నప్పుడు, ఒకటో తరగతికే అన్నిటికన్నా ఎక్కువ చదువు కావాలని వాదించిన కోర్సు ఇది. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన వేళ, 2023లో, దేశమంతా ఒకే తీరున ఉండే ఐటెప్ అనే సమగ్ర కోర్సును దాని స్థానంలో తెచ్చేందుకు యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ ఆమోదం తెలిపింది. కొందరు సభ్యులు, అధ్యాపకులు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల ఆవేదనలో న్యాయముంది. ఒక చోట పెరిగి పండిన అనుభవాన్ని పక్కనపెట్టి కొత్త నమూనా తెచ్చేటప్పుడు, కనీసం ఆ అనుభవం ఏం నేర్పిందో కూర్చుని రాయించాల్సింది.

యమున అవతలి ఒడ్డున, నోయిడాలో, కథ మరో మలుపు తిరిగింది. 2009 విద్యాహక్కు చట్టం తర్వాత కూడా శిక్షణ లేని టీచర్లు లక్షల్లో మిగిలారు. వాళ్లు శిక్షణ పూర్తిచేయాల్సిన గడువును 2019 మార్చి 31 దాకా పెంచుతూ 2017లో చట్టాన్ని సవరించారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత సెక్టార్ 62లోని జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ ఎన్.ఐ.ఒ.ఎస్. మీద పడింది. పది లక్షలకు మించిన ఉపాధ్యాయులు స్వయం పోర్టల్, డీటీహెచ్ చానెళ్ల ద్వారా 18 నెలల డి.ఎల్.ఎడ్. అనే ప్రాథమిక బోధన డిప్లొమాలో చేరారు. వాళ్లలో ఎక్కువమంది చిన్న ప్రైవేటు బడుల్లో కొద్దిపాటి జీతానికి పనిచేసేవాళ్లు. పగలు బడి, రాత్రి ఫోనులో పాఠం. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆ 18 నెలల కోర్సు రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదని చెప్పడంతో వాళ్లు మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2024 చివర్లో, గడువులోగా ఉద్యోగంలో ఉండి చదివినవాళ్లకు ఊరట దొరికింది.

2017 సెప్టెంబరు 5న మరో తెలుగువాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు, ఢిల్లీలో దీక్షా అనే డిజిటల్ వేదికను ప్రారంభించాడు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే పాఠం తెరుచుకునే రోజులు వచ్చాయి. 2019 ఆగస్టులో నిష్ఠా అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం మొదలైంది. లక్ష్యం 42 లక్షల ప్రాథమిక స్థాయి ఉపాధ్యాయులు. శిబిరాలు నడుస్తుండగానే కోవిడ్ వచ్చింది. 2020 జూలైలో మొదటి ఆన్‌లైన్ నిష్ఠా మొదలైంది ఆంధ్రప్రదేశ్‌లోని 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లతోనే. ఆ తర్వాత 18 మాడ్యూళ్లు దీక్షా మీదికి వచ్చాయి. కాలవలో నీరు ఇంకిపోయే సమస్య ఒక విధంగా తీరింది. ఢిల్లీలో తీసిన వీడియో శ్రీకాకుళంలోనూ అదే వీడియో. మాడ్యూలు అయ్యాక ప్రశ్న అడగడానికి ఎదుట మనిషి లేకపోవడం కొత్త సమస్య.

ఢిల్లీ ప్రభుత్వం మాత్రం 2016లో మనుషుల మీదనే నమ్మకం పెట్టింది. ప్రభుత్వ బడుల నుంచి 200 మంది టీచర్లను మెంటర్లుగా ఎంచుకుని, ఒక్కొక్కరికి ఐదారు బడులు అప్పగించింది. వాళ్లు అధికారులు కారు, తనిఖీకి వచ్చేవారూ కారు. తరగతి వెనక కూర్చుని పాఠం చూసి, తర్వాత ఆ టీచరుతో మాట్లాడేవారు. మరుసటి ఏడాది ప్రతి బడిలోనూ ఆ పని చూసేందుకు ఒక టీచరును నియమించారు. సింగపూరుకు, ఫిన్లాండుకు పంపిన టీచర్ల బృందాల గురించి పత్రికలు ఎక్కువ రాశాయి, రాజకీయ నాయకులు ఎక్కువ పోట్లాడుకున్నారు. అసలు గొప్ప సంగతి, సాటి టీచరు తరగతిలోకి తప్పుపట్టడానికి కాక నేర్చుకోవడానికి ఇంకో టీచరు వచ్చి కూర్చునే అలవాటు చేయబోవడం. 2022లో నగరం పడమటి అంచున బక్కర్‌వాలాలో ఉపాధ్యాయులకే ఒక విశ్వవిద్యాలయం వెలిసింది. 1940లలో ఆజాద్ అడిగిన పనినే అది ఇప్పుడు ఇంకో పద్ధతిలో చేయాలి.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి శిక్షణలో పాల్గొనాలని చెప్పింది. ఐదేళ్లకు 250 గంటలు. రోజుకు ఆరు గంటల లెక్కన చూస్తే దాదాపు 42 రోజులు. అర్ధశతాబ్దం కిందట కొఠారీ అడిగింది ఐదేళ్లకు రెండు మూడు నెలలు. ఈ మధ్యకాలంలో లోకం ఎన్ని రెట్లు మారిందో తరగతి గదిలో నిలబడే టీచరుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏ.ఐ. రాసిన వ్యాసం పిల్లవాడి చేతిలో చూసేది ముందుగా ఆమే.

ఆ 50 గంటలు ఎవరివన్నది ఇంకా తేలలేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదు. ఆ మినహాయింపులే ఏడాదిలో ఎన్నో రోజులు తినేస్తాయి. బడి పనివేళల్లో టైంటేబులు సర్ది, ఆమె తరగతిని చూసుకునే మనిషిని ఏర్పాటు చేసి ఆ గంటలు ఇస్తారా? రాత్రి వంటయ్యాక, పిల్లలను పడుకోబెట్టాక ఫోనులో చూసి సర్టిఫికెట్టు దింపుకోమంటారా? ఢిల్లీ మెంటర్లకు తరగతి పని తగ్గించిన ఉత్తర్వులు, జామియా వాళ్లు 1928లో రాసుకున్న ఒప్పందం, ఏపీపెప్ టీచర్ సెంటర్ల నమూనా, ఈ మూడూ రేపు ఈ ప్రశ్న మీద కూర్చోబోయే ప్రతి రాష్ట్ర విద్యాశాఖ బల్ల మీద ఉండాలి.